అమ్మాయి సీఏ వద్దు, ఎకనామిక్స్ చదువుతానంటోంది. ఏం చేయాలి?

ఎరువుల_కొట్టు · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా మిర్చి రేట్ల చర్చల్లోనే కనిపిస్తాను. చదువుల విభాగంలో రాయడం ఇదే మొదలు.

మాది ఖమ్మం జిల్లా, వైరా దగ్గర. ఎరువులు, పురుగుమందుల కొట్టు. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) రెండో సంవత్సరం. ఆ గ్రూపులో చేర్చిందే సీఏ కోసం. ఫౌండేషన్ కోచింగ్‌కి సీటు కూడా మాట్లాడి వచ్చాను. దసరా సెలవులకి ఇంటికొచ్చి, "నాన్నా, సీఏ వద్దు, బీఏ ఎకనామిక్స్ చదువుతా" అంది. మా బావమరిది ఫోన్లోనే నవ్వాడు. "ఇన్ని ఫీజులు కట్టింది బీఏ చదివించడానికా బావా" అని.

నేను తిట్టలేదు. ఎందుకంటే మొన్న కొట్లో కూర్చుని బిల్లులు రాస్తూ ఒక మాట అడిగింది. "నాన్నా, యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, డీఏపీ బస్తా 1350. మరి రైతు యూరియానే కుమ్మరించడా? నువ్వు వద్దని చెప్తే మాత్రం వింటాడా?" అంది. ఇరవై రెండేళ్లుగా కొట్టు నడుపుతున్నాను, రైతుకి తెలియక ఎక్కువ చల్లుతున్నాడనే అనుకున్నాను. తెలిసే చల్లుతున్నాడని ఈ పిల్ల అంటోంది.

అయినా బతుకుతెరువు ముఖ్యం కదా. సీఏ చేస్తే సీఏ అంటారు, ఇంజనీరింగ్ చేస్తే ఇంజనీరు అంటారు. ఎకనామిక్స్ చేస్తే ఏమంటారు? ఏం ఉద్యోగం వస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

---

బ్యాలెన్స్_షీటు · ఆదివారం, రాత్రి 9:40

నేను సీఏని. నా మాటలో కొంచెం పక్షపాతం ఉంటుంది, ముందే చెప్తున్నా.

సీఏకి దారి కళ్లముందు కనిపిస్తుంది సర్. ఫౌండేషన్, ఇంటర్మీడియెట్, ఫైనల్. ఆర్టికల్‌షిప్ (సీఏ ఆఫీసులో పని నేర్చుకోవడం) ఇదివరకు మూడేళ్లు, కొత్త పద్ధతిలో రెండేళ్లే. ఇంట్లో ఉండి కూడా చదవొచ్చు. అసలు ఫౌండేషన్‌లోనే బిజినెస్ ఎకనామిక్స్ పేపర్ ఒకటుంది, ఆ ముచ్చట అక్కడ తీర్చుకోవచ్చు.

కాకపోతే ఒకటి. ఇష్టం లేకుండా చేరినవాళ్లు సీఏ ఇంటర్మీడియెట్‌లో ఒక గ్రూపు దగ్గర ఆగిపోయి ఆరేడేళ్లు పోగొట్టుకోవడం నా బ్యాచ్‌లోనే చాలా చూశాను. మీ అమ్మాయికి ఇప్పుడే మనసు లేకపోతే అది కూడా లెక్కలో వేసుకోండి.

---

గ్రూప్స్_ఐదోసారి · ఆదివారం, రాత్రి 10:05

అన్నా, ఎకనామిక్స్ చదివినోళ్లని ఏమంటారో నేను చెప్తా. "ఎకానమీ ఫ్యాకల్టీ" అంటారు 😄

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల గల్లీల్లో ఏ గోడ మీద చూసినా ఆ పోస్టరే. తెలంగాణ గ్రూప్-2లో మూడో పేపర్ మొత్తం ఎకానమీ, డెవలప్‌మెంటే, 150 మార్కులు. ఆంధ్రలో కూడా మెయిన్స్ రెండో పేపర్‌లో సగం ఎకానమీనే. నేను బీటెక్ మెకానికల్. ద్రవ్యోల్బణం అంటే ఏమిటో ఇరవై ఆరో ఏట కోచింగ్ సెంటర్లో నేర్చుకున్నా. నా పక్కన కూర్చునే బీఏ పిల్లకి అది ముందే వచ్చు. ఆమెకి ఉద్యోగం వచ్చింది, నేను ఇంకా చిక్కడపల్లి లైబ్రరీలోనే ఉన్నా.

---

చాక్‌పీసు · సోమవారం, ఉదయం 6:30

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యాను. వరంగల్ వైపు.

ఎరువుల కొట్టు వారూ, మీ బావమరిది నవ్వుకి కారణం ఉంది. మన దగ్గర హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) అంటే ఎక్కడా సీటు రానివాళ్లు చేరే గ్రూపనే పేరు పడిపోయింది. డిగ్రీలో హెచ్ఈపీ కూడా అంతే. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ మూడూ కలిపి చదివితే మూడింట్లోనూ పైపైనే చదివినట్టు. మేం తెలుగు మీడియంలో చెప్పేవాళ్లం. "క్షీణోపాంత ప్రయోజన సూత్రం" అని బోర్డు మీద రాస్తే పిల్లల మొహాలు వాడిపోయేవి. "ఆకలి మీద మొదటి ఇడ్లీ ఎలా ఉంటుంది, ఆరో ఇడ్లీ ఎలా ఉంటుంది?" అంటే అందరికీ అర్థమయ్యేది. పరీక్షలో మాత్రం ఇడ్లీ రాస్తే మార్కులు పడవు.

కానీ ఈ సబ్జెక్టును తక్కువగా చూడకండి. రిజర్వ్ బ్యాంకు గవర్నర్లుగా 2003 నుంచి 2013 దాకా వరుసగా ఇద్దరు తెలుగువాళ్లే ఉన్నారు. వై.వి.రెడ్డి గారు, ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు గారు. ఇద్దరూ ఐఏఎస్ నుంచి వచ్చినవారే. రెడ్డి గారి డాక్టరేట్ ఉస్మానియాలో, సుబ్బారావు గారిది ఆంధ్రా యూనివర్సిటీలో. సుబ్బారావు గారు మొదట చదివింది ఫిజిక్స్! వ్యవసాయ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారిని మన కరీంనగర్ వైపు ఇప్పటికీ తలుచుకుంటారు. బేగంపేటలో సెస్ అని ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థ 1980 నుంచీ నడుస్తోంది. ఇదంతా ఎకనామిక్స్ చదువుల నుంచి వచ్చిందే.

ఉద్యోగాల సంగతి అంటారా. ఎంఏ తర్వాత నెట్ అనే అర్హత పరీక్ష రాస్తే డిగ్రీ కాలేజీ దారి. ఫెలోషిప్ కూడా వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 ఇస్తారు. జూనియర్ లెక్చరర్‌కి నెట్ అక్కర్లేదు, పీజీ చాలు. కానీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. తెలంగాణ వచ్చాక మొదటి జేఎల్ నోటిఫికేషన్ 2022 డిసెంబర్లో పడింది, అన్ని సబ్జెక్టులూ కలిపి 1392 పోస్టులు. ఆ మధ్య ఏళ్లలో నా శిష్యులు ఎందరో గంటకింత అని గెస్టు లెక్చరర్లుగా గడిపారు. పెళ్లిచూపుల్లో "పర్మనెంటా?" అనే ప్రశ్నకి తల వంచుకున్నవాళ్లని చూశాను. లెక్చరర్ ఉద్యోగం ఒక్కటే నమ్ముకుని ఈ దారిలోకి రావద్దని మాత్రం గట్టిగా చెప్తాను.

---

సిగ్మా_పిల్ల · సోమవారం, మధ్యాహ్నం 1:15

అంకుల్, మీ అమ్మాయి అడిగిన యూరియా ప్రశ్న చదివి లంచ్ టైములో ఇది రాస్తున్నా. మాది తెనాలి. ఎంఈసీ, తర్వాత ఢిల్లీలో బీఏ ఆనర్స్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎంఏ. ఇప్పుడు గురుగ్రామ్‌లో కన్సల్టింగ్.

ముందు ఒక్క విషయం. బీఏ అనే పేరు చూసి భయపడకండి, బీఏలు రెండు రకాలు. చాక్‌పీసు సర్ చెప్పిన మూడు సబ్జెక్టుల బీఏ ఒకటి. ఆనర్స్ అనో, మేజర్ అనో ఎకనామిక్స్ మీదే నడిచేది ఇంకొకటి. ఈ రెండోది సగం లెక్కలే. కాల్క్యులస్, మ్యాట్రిక్స్‌లు, స్టాటిస్టిక్స్, మూడో ఏడు వచ్చేసరికి ఎకనోమెట్రిక్స్, అంటే ఏది మారితే ఏది ఎంత మారుతుందో డేటాతో కొలవడం. ఢిల్లీ యూనివర్సిటీ ఆనర్స్ సీటుకి ఇంటర్లో మ్యాథ్స్ తప్పనిసరి. లెక్కలు లేని సీఈసీ, హెచ్ఈసీ వాళ్లకి ఆ తలుపు ఇంటర్ చేరిన రోజే మూసుకుపోతుంది, పాపం చాలామందికి రెండేళ్ల తర్వాత గానీ తెలియదు. మీరు సీఏ కోసం ఎంఈసీలో వేశారు చూడండి, తెలియకుండానే ఎకనామిక్స్ తలుపు తెరిచిపెట్టారు.

అందుకే ఆమెని ఒక్కటే అడగండి. మ్యాథ్స్ పేపర్ అంటే హుషారుగా కూర్చుంటుందా, లేక మ్యాథ్స్ తప్పించుకోవడానికి ఎకనామిక్స్ అంటోందా? మొదటిదైతే పంపండి. రెండోదైతే ఏడాది తిరక్కుండానే ఏడుస్తుంది. నా హాస్టల్ రూమ్మేట్ అలాగే చేరి, "డిమాండ్, సప్లై గీతలు గీస్తే సరిపోతుందనుకున్నా" అని రెండో సెమిస్టర్లో హిస్టరీకి మారిపోయింది.

డిగ్రీ అయ్యాక పీజీకి ఢిల్లీ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రెండూ సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారానే. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పరీక్ష వేరు. రెండు పేపర్లుంటాయి, మొదటిది శుద్ధ లెక్కలు. కానీ సీటొస్తే ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. ముంబైలో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఇందిరాగాంధీ ఇన్‌స్టిట్యూట్, చెన్నైలో మద్రాస్ స్కూల్, పుణెలో 1930 నాటి గోఖలే ఇన్‌స్టిట్యూట్, తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు కూడా ఉంది, ఆడపిల్లని దూరం పంపలేం అనుకునేవాళ్లు ముందు దాన్ని చూడండి.

---

ఎరువుల_కొట్టు · సోమవారం, మధ్యాహ్నం 3:50

అమ్మా సిగ్మా, చాలా థాంక్స్. దూరం పంపలేమని కాదు, ఖమ్మం స్టేషన్‌లో ఎక్కితే ఢిల్లీ రైలే. లెక్కల్లో బాగానే ఉంటుంది. ఉద్యోగం అన్నావు, రోజూ నువ్వు చేసే పని ఏమిటమ్మా? మా ఇంట్లో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పు.

---

సిగ్మా_పిల్ల · సోమవారం, రాత్రి 8:20

మా నాన్నకి చెప్పినట్టే చెప్తా అంకుల్. రెండు సిమెంటు కంపెనీలు ఒకటైపోదామనుకున్నాయి అనుకోండి. అవి కలిస్తే బస్తా ధర పెరుగుతుందా లేదా అని పోటీ వ్యవహారాలు చూసే కమిషన్ అడుగుతుంది. ఏ ఊళ్లో ఎవరెవరు అమ్ముతున్నారు, ఒకరు ధర పెంచితే కొనేవాడు పక్క బ్రాండుకి వెళ్తాడా, ఎంత దూరం నుంచి లారీలో తెచ్చినా గిట్టుబాటవుతుందా, ఇవన్నీ అంకెల్లో చూపించాలి. నా పని అదీ. రోజులో ఎక్కువ టైము కంపెనీ పంపిన ఎక్సెల్ ఫైళ్లు శుభ్రం చేయడానికే పోతుంది. ఒకే ఊరి పేరు నాలుగు స్పెల్లింగుల్లో ఉంటుంది. "థియరీ అంతా చదివి చివరికి ఇదా" అని మొదటి మూణ్నెల్లు ఏడుపొచ్చింది.

నా క్లాసులో మిగతావాళ్లు? రేటింగ్ కంపెనీలో ఒకడు, బ్యాంకుల రిస్కు విభాగంలో ముగ్గురు, హైదరాబాద్‌లో డేటా అనలిటిక్స్‌లో ఇద్దరు, పీహెచ్‌డీకి వెళ్లినవాళ్లు నలుగురైదుగురు, యూపీఎస్సీ అని ఇంట్లో కూర్చున్నవాళ్లు చాలామంది. "ఎకనామిస్ట్" అని విజిటింగ్ కార్డు మీద ఉన్నది ఒక్కరికే.

జీతం సంగతి నిజం చెప్పాలంటే, మొదటి ఉద్యోగంలో నా బీటెక్ ఫ్రెండ్ కంటే కొంచెం ఎక్కువే వచ్చింది. కానీ తను నాకంటే ముందే సంపాదన మొదలుపెట్టింది. మాస్టర్స్ లేకుండా బీఏ దగ్గరే ఆపితే మాత్రం నాకీ ఉద్యోగం వచ్చేది కాదు. అయిదేళ్ల చదువని ముందే ఖర్చు లెక్క వేసుకోండి.

---

చాక్‌పీసు · సోమవారం, రాత్రి 9:05

అమ్మాయి సిగ్మా, నీ మాటలు విలువైనవే. కానీ లెక్కలు రానివాడికి ఎకనామిక్స్ లేదన్నట్టు రాశావు, అది నాకు నచ్చలేదు. కౌలు రైతు వడ్డీ ఎందుకు అంత కడతాడో అర్థం చేసుకోవడానికి మ్యాట్రిక్స్‌లు అక్కర్లేదు. నా శిష్యుల్లో ఇద్దరు లెక్కలు రాకుండానే గ్రామీణాభివృద్ధి మీద బ్రహ్మాండమైన పని చేశారు.

---

సిగ్మా_పిల్ల · సోమవారం, రాత్రి 9:31

సర్, అర్థం చేసుకోవడానికి అక్కర్లేదు, ఒప్పుకుంటా. అడ్మిషన్‌కి కావాలి. నేను అడ్మిషన్ గురించే రాశాను, అయినా మాట కాస్త కటువుగా వచ్చినట్టుంది. సారీ సర్.

---

రెండుసార్లు_రాశా · మంగళవారం, ఉదయం 7:45

ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. ఐఏఎస్ పేరు తెలియని ఇల్లుండదు, ఐఈఎస్ అంటే మా తాతయ్య "ఒక అక్షరం తప్పు పడిందిరా" అన్నారు.

1961లో మొదలైన సర్వీసు. పరీక్ష పెట్టేది యూపీఎస్సీనే. ఎకనామిక్స్‌లోగానీ, దాని దగ్గరి సబ్జెక్టుల్లోగానీ పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30, రిజర్వేషన్ వాళ్లకి సడలింపు. ప్రిలిమ్స్ ఉండదు, నేరుగా రాత పరీక్షే. ఇంగ్లిష్, జనరల్ స్టడీస్ వందేసి మార్కులు, జనరల్ ఎకనామిక్స్ మూడు పేపర్లు, ఇండియన్ ఎకనామిక్స్ ఒకటి, ఒక్కోటి 200. ఇంటర్వ్యూ ఇంకో 200. వస్తే కేంద్ర మంత్రిత్వ శాఖల్లో ఆర్థిక సలహా విభాగాల్లో వేస్తారు.

రాసేవాళ్లు సివిల్స్ అంతమంది ఉండరు. అది చూసి నేనూ సులువనుకున్నా. పోస్టులు కూడా అలాగే ఉంటాయి, కొన్నేళ్లు దేశం మొత్తానికి ఇరవై లోపే. రెండుసార్లు రాశా. మొదటిసారి జనరల్ ఎకనామిక్స్ మొదటి పేపర్‌లో ఎకనోమెట్రిక్స్ ప్రశ్న చూసి చెమటలు పట్టాయి. మా ఎంఏలో ఆ యూనిట్ "ఛాయిస్‌లో వదిలేయొచ్చు" అని మా సారే చెప్పారు, వదిలేశా. రెండోసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లి పోయింది.

ఆ చదువు వృథా కాలేదు. రిజర్వ్ బ్యాంకు గ్రేడ్-బిలో ఆర్థిక పరిశోధన విభాగానికి విడిగా సెలక్షన్ ఉంటుంది, దానికి ఎకనామిక్స్ పీజీ కావాలి. సిలబస్ చాలా వరకు ఇదే. జనరల్ గ్రేడ్-బికి ఏ డిగ్రీ అయినా సరే, కానీ అందులోనూ ఆర్థిక, సామాజిక అంశాల పేపర్ ఉంటుంది. నేనిప్పుడు ఒక బ్యాంకులో ఉన్నా, ఏ బ్యాంకో అడగొద్దు. కస్టమర్ వచ్చి "రెపో తగ్గింది కదా, నా ఈఎంఐ ఎందుకు తగ్గలేదు" అంటే బ్రాంచి మొత్తం నావైపే చూస్తుంది.

---

మానికెడు_డేటా · మంగళవారం, రాత్రి 10:40

పాలమూరు నుంచి. నేను పెద్ద చదువులవాణ్ని కాదు. బీఏ చదివి పదకొండేళ్లుగా సర్వేలు చేస్తున్నా. ఆర్థికవేత్తలు రాసే పేపర్ల కింద ఉండే కూలీలం మేమే.

అమ్మాయి తండ్రిగారూ, మీ పాపకి ఈ సంగతి చెప్పండి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరుంది, పరిశోధన పత్రాల్లో ఔరేపల్లి అని రాస్తారు. దోకూరు అని ఇంకొకటి. పటాన్‌చెరు ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు 1975లో ఈ రెండు ఊళ్లలో, మహారాష్ట్రలో ఇంకో నాలుగు ఊళ్లలో, ఊరికి 40 ఇళ్లు ఎంచుకుని, ఎవరేం పండించారు, ఏం తిన్నారు, ఎంత అప్పు తెచ్చారు అని ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. రాబర్ట్ టౌన్సెండ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఆ లెక్కలు పట్టుకుని 1994లో ఒక పేపర్ రాశాడు. ఒకడి పంట పోతే వాడి ఇంట్లో తిండి కూడా అంతే పడిపోతోందా అన్నది ప్రశ్న. అంత పడిపోవడం లేదని తేలింది. అప్పో, బదులో, చుట్టాలో, ఊరు ఎలాగోలా మోస్తోంది. భూమి లేనివాళ్లకి మాత్రం ఆ ఆసరా తక్కువ. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ చదివినా మన ఊరి పేరు తగులుతుంది. మా ఊళ్లల్లో ఈ ముచ్చట చాలామందికి తెలియదు.

ఇక పని ఎట్లుంటదంటే. ట్యాబ్ పట్టుకుని పొద్దున ఆరింటికే వెళ్లాలి, ఎనిమిది దాటితే పొలం పోతారు. "పోయిన ముప్పై రోజుల్లో మంచినూనె ఎంత కొన్నారు?" అని ప్రశ్న. అవ్వ "సీసాడు" అంటది. ఏ సీసా? లోపలికి పోయి సీసా తెప్పించి కొలవాలి. కందులు మానికెడు అంటది, బియ్యం తవ్వెడు అంటది. ఒక ఊరి మానిక ఇంకో ఊరి మానిక ఒకటి కాదు. నా సంచిలో చిన్న తూకం ఎప్పుడూ ఉంటది. అప్పు ఎంత అని అల్లుడి ముందు అడిగితే "ఏం లేదు బిడ్డా" అంటది. అల్లుడు బయటికి పోయినాక చీటీ బయటికి తీస్తది. ఇది ఏ కాలేజీలో చెప్పరు. ఆఫీసులో కూర్చున్నోళ్లకి మాత్రం అది ఒక గడిలో ఒక అంకె.

హైదరాబాద్‌లో 104 బస్తీల్లో సూక్ష్మ రుణాల మీద పెద్ద అధ్యయనం జరిగింది, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డూఫ్లో వాళ్లది. అప్పు అందుబాటులోకొస్తే పేదరికం ఎగిరిపోతుందన్న మాట నిజం కాదని, కొందరికి వ్యాపారం కొంచెం పెరిగిందని, అంతకుమించి పెద్దగా మారలేదని చెప్పారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ఉపాధి కూలీ డబ్బులు స్మార్ట్‌కార్డులతో ఇస్తే ఏమైందో కార్తీక్ మురళీధరన్ బృందం చూసింది, డబ్బు తొందరగా అందింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. బాలల మీద 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం రెండు రాష్ట్రాల్లో 2002 నుంచి నడుస్తోంది. ఇట్లాంటి వాటికి తెలుగు, ఇంగ్లిష్ రెండూ వచ్చి, డేటా చూడగలిగే రీసెర్చ్ అసోసియేట్లు కావాలి. మా టీములో ఆ పోస్టుకి వచ్చేది ఎక్కువగా బయటి రాష్ట్రాల పిల్లలు. ఎంఏ ఉంటది, స్టాటా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వస్తది, అవ్వతో మాట్లాడరాదు. నాకు అవ్వతో మాట్లాడొస్తది, ఎంఏ లేదు. అందుకే పదకొండేళ్ల తర్వాత కూడా నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌నే. ఎనిమిది నెలల కాంట్రాక్టు, రెండు నెలలు ఖాళీ.

పాపని ఎంఏ దాకా చదివించండి సార్.

---

డల్లాస్_బావ · బుధవారం, ఉదయం 5:10

అమెరికా గురించి నాలుగు మాటలు, ఎందుకంటే నేను దెబ్బ తిన్నా.

ఇక్కడ ఎకనామిక్స్ ప్రోగ్రాములు కాగితం మీద రెండు రకాలు. జనరల్ ఎకనామిక్స్ కోడ్ 45.0601, ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ కోర్సుల జాబితా) కాదు. ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కోడ్ 45.0603, ఇది స్టెమ్. మొదటి దాంట్లో చదివితే చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఏడాది. రెండో దానికి ఆ ఏడాది మీద ఇంకో 24 నెలలు. హైదరాబాద్‌లో నన్ను పంపిన కన్సల్టెన్సీవాడికి ఈ తేడా తెలియదో, కమీషన్ కోసం చెప్పలేదో, ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికొచ్చాక గానీ నేను కోడ్ చూసుకోలేదు. ఫీజు కట్టేశా. తర్వాత ప్రోగ్రాం మారడానికి ఒక సెమిస్టర్, కొంత డబ్బు పోయాయి. ఎవరు వెళ్లినా ముందు ఐ-20 మీద ఆ కోడ్ చూడండి.

ఇంకొకటి. ఇక్కడ ఎకనామిక్స్ పీహెచ్‌డీ మంచి యూనివర్సిటీల్లో మనం డబ్బు కట్టి చదివేది కాదు. ఫీజు మాఫీ, పైన స్టైపెండ్. కానీ సీటుకి రియల్ అనాలిసిస్ లాంటి గట్టి లెక్కల కోర్సులు, ప్రొఫెసర్ల సిఫార్సులు చూస్తారు. అప్పు చేసి మాస్టర్స్‌కి రావడం కంటే ఇండియాలో మంచి ఎంఏ చేసి, ఒకటిరెండేళ్లు పరిశోధనలో పనిచేసి, నేరుగా దానికి రావడం మేలని నా అభిప్రాయం. ఆలస్యంగా తెలిసింది.

---

బ్యాలెన్స్_షీటు · బుధవారం, ఉదయం 9:00

మానికెడు గారూ, మీ పోస్టు మా ఆర్టికల్స్ పిల్లలకి చూపించా. స్టాక్ వెరిఫికేషన్‌కి గోడౌన్‌కి పొమ్మంటే ఏసీ గదిలోంచి కదలరు.

---

ఎరువుల_కొట్టు · గురువారం, రాత్రి 9:30

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. మూడు రోజులుగా కొట్టు కట్టేశాక ఇదే చదువుతున్నాం. మా ఆవిడ మానికెడు గారి పోస్టు రెండుసార్లు చదివించుకుంది. కోచింగ్ అడ్వాన్స్ ఇంకా కట్టలేదు, ఇక కట్టను. బావమరిదికి లింకు పంపాను, చదివినట్టు టిక్కులు పడ్డాయి, ఏమీ అనలేదు.

మా అమ్మాయి ఏదో అడగాలంటోంది. ఫోన్ దానికే ఇస్తున్నాను.

---

ఎరువుల_కొట్టు · గురువారం, రాత్రి 9:52

నమస్తే అందరికీ, నేను ఆ అమ్మాయినే. నాన్న నా గురించి ఊరంతా చర్చ పెట్టారని ఇవాళే తెలిసింది.

సీయూఈటీ రాస్తాను. మొదటి ఆప్షన్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, రెండోది ఢిల్లీ. అందరూ ఉద్యోగం గురించి చెప్పారు, థాంక్స్. నాకొక వేరే డౌటు ఉంది.

మూడేళ్ల స్టాకు రిజిస్టర్ నుంచి నెలనెలా యూరియా ఎన్ని బస్తాలు పోయాయో ఎక్సెల్‌లో కొట్టాను. పక్క గడిలో ధర పెట్టాను. చౌక కాబట్టే ఎక్కువ వాడుతున్నారని చూపిద్దామనుకున్నా. కానీ గ్రాఫ్ గీస్తే ఏమీ రావట్లేదు, చుక్కలన్నీ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

---

సిగ్మా_పిల్ల · గురువారం, రాత్రి 10:10

అమ్మా నువ్వు చేరకముందే ఎకనోమెట్రిక్స్ మొదటి క్లాసుకి వచ్చేశావు!

తప్పు నీది కాదు, డేటాది. ఆ మూడేళ్లూ యూరియా ధర మారలేదు. టన్నుకి ఎంతన్నది ఏళ్లుగా అంతే ఉంది. 2018లో బస్తానే 50 కిలోల నుంచి 45 కిలోలు చేశారు, రైతు కిలోల్లో కాదు, బస్తాల్లో లెక్కపెట్టి చల్లుతాడని. ధర కదలకపోతే, ధర మారితే ఏమవుతుందో నీ రిజిస్టర్ ఎలా చెప్తుంది? అటూ ఇటూ కదిలేది వానా, పంటా మాత్రమే.

ఇంకొకటి చూడు. యూరియాకి క్యూలు కట్టిన నెలలు ఉన్నాయా అందులో? 2025 వానాకాలంలో చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారు కదా. ఆ నెలల్లో నీ గడిలో ఉన్న అంకె రైతులు అడిగింది కాదు, లారీ తెచ్చింది.

---

ఎరువుల_కొట్టు · గురువారం, రాత్రి 10:18

ఉన్నాయి అక్కా. ఆగస్టులో సున్నా, సున్నా, తర్వాత ఒకే రోజు లోడు మొత్తం. నేను వాటన్నిటికీ సగటు లెక్కగట్టి పెట్టేశాను.

---

మానికెడు_డేటా · గురువారం, రాత్రి 10:26

సగటు తియ్యకు బిడ్డా. సున్నా ఉన్నకాడ సున్నానే ఉంచి, పక్కన "స్టాకు లేదు" అని రాయి. తర్వాత చూసేటోళ్లకి అదే అసలు సమాచారం.

---

సిగ్మా_పిల్ల · గురువారం, రాత్రి 10:31

కరెక్ట్. ఇక ధర సంగతి కావాలంటే యూరియా వదిలెయ్, డీఏపీ చూడు. 2010 నుంచి దానికి సబ్సిడీ పద్ధతి వేరు, అందుకే ధర కదులుతుంది. 2021లో సబ్సిడీ పెంచి బస్తా 1200 దగ్గరే ఆపారు, 2022లో 1350 అయింది. దానికి ముందు, తర్వాత సీజన్ల లెక్కలు మీ కొట్లో ఉన్నాయా? ఉంటే డీఏపీ బదులు 20-20 ఎరువు ఎన్ని బస్తాలు పోయిందో కూడా తియ్యి.

---

ఎరువుల_కొట్టు · గురువారం, రాత్రి 10:40

ఇది నాన్నని. ఆ పాత రిజిస్టర్లు అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. చెద పట్టకుండా ఉంటే ఉన్నట్టే. ఆదివారం కొట్టు సగం రోజే, నిచ్చెన వేసి దింపుతాం.